కిటికీ ఎవరిది?

కట్టడాల చరిత్ర రాసేవాళ్లు సాధారణంగా కోటలతో మొదలుపెట్టి, దేవాలయాల మీదుగా వచ్చి, రాజప్రాసాదాల దగ్గర ఆగుతారు. ఆస్పత్రి వాళ్ల పుస్తకాల్లో అరుదుగా కనపడుతుంది. కనపడినా దాని గుమ్మటాల గురించీ ముఖద్వారం గురించీ రాస్తారు కాని, లోపల మంచం మీద పడుకున్న మనిషికి ఏం కనపడుతుందో, ఏం వినపడుతుందో, ఎలాంటి గాలి తగులుతుందో రాయరు. మనలో ఎవరూ కోటలో పుట్టలేదు, ప్రాసాదంలో కన్నుమూయబోము. పుట్టుకా చావూ రెండూ ఆస్పత్రిలోనే జరగడం ఈ కాలపు రివాజు అయింది. అందుచేత ఆస్పత్రి గోడల చరిత్ర సామాన్య జనం చరిత్రలో భాగం. దాన్ని ఆ దృష్టితోనే చదవాలి.

ఆ చరిత్రలో రోజర్ ఉల్‌రిచ్ అనే ఆచార్యుడికి ఒక స్థానం వుంది. ఆయన అమెరికా దేశస్థుడు. 1946లో పుట్టాడు. చదివింది భూగోళశాస్త్రం. వృత్తి జీవితంలో ఎక్కువ కాలం పాఠం చెప్పింది మాత్రం వాస్తుశిల్ప విద్యార్థులకు - మొదట టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో, తర్వాత స్వీడన్‌లోని చామర్స్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో. ఫలానా మహాభవనం ఆయన కట్టించాడని ఎవరూ చెప్పరు. ఆయన ప్రపంచానికి ఇచ్చింది ఒక కొలత. రోగి కళ్లెదుట ఏముందన్న విషయాన్ని రోజుల్లోనూ, మందు మోతాదుల్లోనూ కొలిచి చూపించాడు. ఆ కొలత ఎలా పుట్టింది, పుట్టిన తర్వాత ఎవరి చేతికి చేరింది అన్నవే నేను ఈ వ్యాసంలో పరిశీలించదలచుకున్న రెండు ప్రశ్నలు.

మొదటి ప్రశ్నకు జవాబు దొరకాలంటే రెండు శతాబ్దాలు వెనక్కి పోవాలి. 18వ శతాబ్దం చివర పారిస్ నగరంలో ఓతెల్ ద్యో అనే పెద్ద ధర్మాసుపత్రి వుండేది. 1772లో అందులో ఘోరమైన అగ్నిప్రమాదం జరిగింది. తిరిగి ఎక్కడ కట్టాలి, ఎలా కట్టాలి అన్న వివాదం ఏళ్ల తరబడి సాగింది. జాక్ తెనోన్ అనే శస్త్రవైద్యుడు ఆ ఆస్పత్రిని మంచం మంచం తిరిగి పరిశీలించి 1788లో ఒక గ్రంథం ప్రకటించాడు. ఒకే మంచం మీద నలుగురు, కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువమంది రోగుల్ని పడుకోబెడుతున్నారని ఆయన రాశాడు. జ్వరం వచ్చినవాడూ, పుండు పడినవాడూ, ప్రాణం పోతున్నవాడూ ఒకే దుప్పటి కింద వుండేవాళ్లు. చేరిన ప్రతి నలుగురైదుగురిలో ఒకరు శవంగానే బయటికి వచ్చేవాళ్లు. విజ్ఞాన పరిషత్తు వేసిన సంఘంలో లావోయిజర్, లాప్లాస్ వంటి శాస్త్రజ్ఞులు సభ్యులు. వాళ్లు తేల్చిన విషయం ఒక్కటే: రోగిని కట్టడమే చంపుతోంది. ఒకదానికొకటి దూరంగా వుండే పొడుగాటి శాలలు కట్టాలి, రెండువైపులా కిటికీలుండాలి, మనిషికొక మంచం వుండాలి అని సిఫార్సు చేశారు. మరుసటి ఏడాదే విప్లవం వచ్చింది. ఆ నమూనాలో పారిస్‌లో లారిబ్వాజియేర్ ఆస్పత్రి తయారయ్యేసరికి 1854 అయింది.

క్రిమియా యుద్ధం నుంచి తిరిగివచ్చిన ఫ్లారెన్స్ నైటింగేల్ ఇదే నమూనాను ఇంగ్లండులో ప్రచారం చేసింది. ఆస్పత్రుల గురించి ఆమె రాసిన పుస్తకం 1859లో వెలువడింది. ఆస్పత్రి చేయవలసిన మొట్టమొదటి పని రోగికి హాని చేయకుండా వుండడమే అన్నది ఆమె వాదం. గాలి, వెలుతురు, మంచానికీ మంచానికీ మధ్య దూరం - వీటిని ఆమె లెక్కలు కట్టి అడిగింది. చెడు గాలివల్లనే రోగాలు పుడతాయని ఆ కాలంలో చాలామంది నమ్మినట్టే ఆమె కూడా నమ్మింది. ఆ సిద్ధాంతం తప్పని సూక్ష్మజీవుల శాస్త్రం తర్వాత నిరూపించింది. కాని ఆమె తెరిపించిన కిటికీ తప్పు కాలేదు. ఇంకొక సంగతి కూడా ఆమె గమనించింది. మంచం పట్టినవాడికి కిటికీలోంచి బయటి దృశ్యం కనపడడం, రంగురంగుల పువ్వులు కనపడడం సరదా కోసం కాదనీ, శరీరం మీదనే వాటి ప్రభావం వుంటుందనీ రాసింది. ఎలా పనిచేస్తుందో తనకు తెలియదనీ ఒప్పుకుంది. ఆ పరిశీలన నూట పాతికేళ్లపాటు రుజువు లేకుండా అలాగే వుండిపోయింది.

20వ శతాబ్దం మొదటి భాగంలో ఈ ఆలోచన క్షయ రోగుల శానటోరియాల్లో ఉచ్చస్థితికి వచ్చింది. క్షయకు అప్పటికి మందు లేదు. గాలి, ఎండ, విశ్రాంతి, తిండి - ఇవే చికిత్స. కనుక కట్టడమే ఔషధమైంది. మన మదనపల్లె దగ్గర 1915లో ఆరోగ్యవరం శానటోరియం వెలిసింది ఈ నమ్మకం మీదనే. డెన్మార్కు నుంచి వచ్చిన డాక్టరు ఫ్రిమోడ్ మొల్లర్ దాన్ని నెలకొల్పాడు. ఫిన్లండులో దాదాపు 50 స్థానిక సంఘాలు తలా కొంత డబ్బు వేసుకుని పైమియో అనే చోట ఒక శానటోరియం కట్టించుకున్నాయి. 1933లో పూర్తయిన ఆ కట్టడానికి ఆల్వార్ ఆల్టో వాస్తుశిల్పి. మామూలు గదిని నిలబడిన మనిషి కోసం కడతారు, ఈ గది పడుకున్న మనిషి కోసం కట్టాలి అనుకున్నాడాయన. వెల్లకిలా పడుకున్నవాడు రోజంతా చూసేది పైకప్పునే కాబట్టి దానికి కళ్లకు హాయినిచ్చే ముదురు రంగు వేయించాడు. దీపం కంట్లో పడకుండా అమర్చాడు. చేతులు కడుక్కునే తొట్టిలో నీళ్లు పడే చప్పుడు పక్క రోగి నిద్ర చెడగొట్టకుండా దాని వాలును మార్చాడు. ఇవి చిన్న విషయాలని ఎవరైనా అంటే, వాళ్లు జబ్బుపడి పడుకుని ఎరగరని చెప్పాలి.

ఈ సందర్భంలో ఒక భారతీయుడి పేరు కూడా చెప్పుకోవాలి. లండన్‌లో ఫిన్స్‌బరీ అనే కార్మికుల పేట వుంది. అక్కడి లేబర్ పార్టీ కౌన్సిలు 1938లో ఒక ఆరోగ్య కేంద్రం కట్టించింది. కౌన్సిలు ప్రజారోగ్య సంఘానికి అధ్యక్షుడు పంజాబు నుంచి వెళ్లిన డాక్టరు చుని లాల్ కటియాల్. వాస్తుశిల్పి లుబెట్కిన్. ఇరుకు గదుల్లో మగ్గే జనానికి వెలుతురు నిండిన హాలు, గాజు పలకల గోడలు, పిలిచినట్టుగా చేతులు చాచి వున్న ముందుభాగం - ఇవన్నీ ఉచిత వైద్యంతోపాటు ఇచ్చారు. ఇంగ్లండులో జాతీయ ఆరోగ్య సేవ 1948లో మొదలయింది. దానికి పదేళ్ల ముందే ఒక పేట తన పన్నుల డబ్బుతో ఆ పని చేసి చూపించింది. మంచి కట్టడం ధనవంతుల సొత్తు కానక్కరలేదని ఆ కేంద్రం నిరూపించింది.

రెండవ ప్రపంచ యుద్ధం తర్వాత పరిస్థితి తలకిందులయింది. స్ట్రెప్టోమైసిన్ వచ్చింది, ఐసోనయజిడ్ వచ్చింది. క్షయకు మందు దొరికింది. అప్పుడు మద్రాసులో జరిగిన ఒక పరిశోధన ప్రపంచ వైద్య చరిత్రనే మలుపు తిప్పింది. 1956లో అక్కడ క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం ఏర్పడింది. ఆ నగరంలోని పేద క్షయ రోగుల్ని 193 మందిని తీసుకుని, కొందరిని శానటోరియంలోనూ కొందరిని వాళ్ల ఇళ్లలోనూ వుంచి, ఏడాదిపాటు ఒకే మందులు ఇచ్చారు. శానటోరియంలో వున్నవాళ్లకు మంచి తిండి, విశ్రాంతి, గాలి దొరికాయి. ఇళ్లలో వున్నవాళ్లు ఇరుకు గదుల్లోనే వుండి, తక్కువ తిని, చాలామంది పనిపాట్లు చూసుకుంటూనే మందు మింగారు. 1959లో ఫలితాలు ప్రకటించారు. రెండు వర్గాలకూ ఇంచుమించు ఒకే విధంగా నయమైంది.

దీని ప్రాముఖ్యాన్ని ఎంత చెప్పినా తక్కువే. శానటోరియంలో చోటు దొరకని లక్షలాది పేదలకు ఇది విముక్తి. మందు అందితే చాలు, పెంకుటింట్లోనూ గుడిసెలోనూ నయమవుతుంది. కట్టడం మందుకు ప్రత్యామ్నాయం కాదని ఇంత స్పష్టంగా రుజువు చేసిన సందర్భం మరొకటి లేదు. ఆస్పత్రి కట్టడాల గురించి మాట్లాడేవాళ్లెవరూ ఈ పాఠాన్ని మరవకూడదు. మరిస్తే, మందులు లేని ఆస్పత్రికి రంగులు వేసి మురిసిపోయేవాళ్ల జాబితాలో చేరతారు.

అయితే ఆ పాఠం నుంచి పరిపాలకులూ, నిర్మాణ సంస్థలూ వేరొక నిర్ణయానికి వచ్చారు. మందు ఒక్కటే ముఖ్యమైతే గోడ ఎలా వుంటేనేం, కిటికీ లేకపోతేనేం అనుకున్నారు. గాలిని యంత్రం సరఫరా చేస్తుంది, వెలుతురును విద్యుద్దీపం ఇస్తుంది. భూమి ధర పెరుగుతోంది కాబట్టి కట్టడాన్ని ఎంత లోతుగా, ఎంత దట్టంగా కడితే అంత లాభం. ఆ విధంగా యూరప్‌లోనూ అమెరికాలోనూ ఆస్పత్రి క్రమంగా పెద్ద ఫ్యాక్టరీలాగా మారింది. ఒక వైపు నుంచి రోగి ప్రవేశిస్తాడు, యంత్రాల మధ్యగా నడిచి మరొకవైపు నుంచి బయటికి వస్తాడు. అమెరికాలో కిటికీలు బొత్తిగా లేని తీవ్ర చికిత్సా విభాగాలు కూడా కట్టారు. 1972లో విల్సన్ అనే వైద్యుడు అలాంటి ఒక విభాగాన్నీ, కిటికీలున్న మరొక విభాగాన్నీ పోల్చి చూశాడు. ఆపరేషన్ తర్వాత మతి చలించి సంధి మాటలు మాట్లాడిన రోగులు, కిటికీ లేని విభాగంలో రెండింతలకు పైగా వున్నారు. రేయీ పగలూ తెలియని చోట మనిషి మనసు నిలవదు. ఈ సంగతి మన పల్లెలో ఏ ముసలమ్మనడిగినా చెబుతుంది. కాని పల్లె ముసలమ్మ మాటను ఆస్పత్రి ప్లాను గీసేవాడు వినడు. అతనికి అంకె కావాలి.

ఉల్‌రిచ్ ఇచ్చింది ఆ అంకెనే. కుర్రతనంలో మూత్రపిండాల జబ్బుతో మంచం పట్టినప్పుడు ఇంటి కిటికీలోంచి కనపడే ఒక పైన్ చెట్టు తనకు ఎంతో ధైర్యాన్నిచ్చిందని ఆయన తర్వాతి కాలంలో చెప్పుకున్నాడు. అనుభవం ఎందరికో వుంటుంది. దాన్ని ప్రశ్నగా మార్చి, ఆ ప్రశ్నకు జవాబు చెప్పగల చోటును వెతికి పట్టుకోవడంలోనే పరిశోధకుడి ప్రతిభ వుంది. ఆయనకు ఆ చోటు పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఒక మామూలు ఆస్పత్రిలో దొరికింది. అక్కడ ఒకే వరండా మీద వరసగా గదులున్నాయి. కొలతలు, మంచాలు, కిటికీలు అన్నీ ఇంచుమించు ఒకటే. కొన్ని కిటికీలలోంచి చిన్న చెట్ల గుంపు కనపడుతుంది. మిగిలిన కిటికీలలోంచి గోధుమరంగు ఇటుక గోడ కనపడుతుంది. చెట్టు కావాలని ఎవరూ అడగలేదు, గోడ కావాలని ఎవరూ కోరలేదు. ఏ గది ఖాళీ అయితే ఆ గదిలో రోగిని చేర్చారు.

1972 నుంచి 1981 వరకు పిత్తాశయం ఆపరేషన్ చేయించుకున్నవాళ్ల కేస్ షీట్లను ఆయన బయటికి తీయించాడు. చెట్లకు ఆకులుండే నెలల్లో చేరినవాళ్లనే తీసుకున్నాడు. వయసు, స్త్రీ పురుష భేదం, పొగతాగే అలవాటు, ఆపరేషన్ జరిగిన కాలం వంటివి సరిపోయేట్టుగా 23 జంటలను, అంటే 46 మందిని ఏర్చాడు. వివరాలు రాసి ఇచ్చిన నర్సుకు, ఏ రోగి ఏ కిటికీ దగ్గర వున్నాడో తెలియకుండా జాగ్రత్తపడ్డాడు. 1984లో 'సైన్స్' పత్రికలో వచ్చిన ఆ వ్యాసం రెండు పేజీలకు మించదు. అప్పటికి ఆయన డెలవేర్ విశ్వవిద్యాలయంలో భూగోళశాస్త్రం చెబుతున్నాడు. ఆ రెండు పేజీలే ఆయన్ను వాస్తుశిల్పుల మధ్యకు తీసుకువచ్చాయి.

ఆయనకు కనపడినవి ఇవి. చెట్లు చూసినవాళ్లు ఆపరేషన్ తర్వాత సగటున 7.96 రోజులకు ఇంటికి వెళ్లారు; గోడ చూసినవాళ్లు 8.70 రోజులకు. ఏడుస్తోంది, దిగులుగా వున్నాడు, ధైర్యం చెప్పవలసి వచ్చింది వంటి నర్సుల రాతలు చెట్ల వైపు రోగి ఒక్కరికి సగటున 1.13 వుంటే, గోడ వైపు 3.96 వున్నాయి. రెండో రోజు నుంచి అయిదో రోజు దాకా గోడ వైపు వాళ్లకు బలమైన నొప్పిమందు సగటున 2.48 మోతాదులు కావలసి వచ్చింది. చెట్ల వైపు వాళ్లకు 0.96 మోతాదులు సరిపోయింది. వాళ్లు ఆస్పిరిన్ వంటి తేలిక మందులతోనే గడిపారు. మొదటి రోజున మాత్రం ఏ తేడా లేదు. మత్తు దిగని మనిషికి చెట్టూ గోడా ఒకటే కదా! ఈ చిన్న వివరమే నాకు ఆ వ్యాసం మీద నమ్మకం కలిగించింది. అబద్ధపు లెక్క అయితే తేడా మొదటి రోజు నుంచే కనపడి వుండేది.

ఈ పరిశోధనకు పరిమితులు లేకపోలేదు. 46 మంది చాలా తక్కువ. ఒకే ఆస్పత్రి, ఒకే ఆపరేషన్. చిన్న చిన్న ఉపద్రవాల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఉల్‌రిచ్ స్వయంగా మరొక హెచ్చరిక కూడా చేశాడు. తాను పోల్చింది మార్పులేని ఒక ఇటుక గోడతో మాత్రమే కనుక, మనుషులు కట్టిన దృశ్యాలన్నీ చెడ్డవని అనడానికి వీల్లేదన్నాడు. నెలల తరబడి మంచంలో వుండి విసిగిపోయిన రోగికి చెట్టుకన్నా సందడిగా వుండే వీధే మేలు చేయవచ్చునన్నాడు. తర్వాత ఆ వ్యాసాన్ని ఉదహరించినవాళ్లలో ఎక్కువమంది ఈ వాక్యాలను వదిలేశారు. మనం వదలకూడదు. ఆ మాటలో మనిషికి మనిషి కావాలన్న గ్రహింపు వుంది.

తర్వాత ముప్పై ఏళ్లకు పైగా ఆయన ఈ దారినే నడిచాడు. 1991లో ఒక సూత్రీకరణ చేశాడు. రోగికి తన చుట్టూ వున్న వాటి మీద ఎంతో కొంత అదుపు వుండాలి. అయినవాళ్ల అండ వుండాలి. మనసు మళ్లించే మంచి విషయాలు కనపడాలి - ఈ మూడింటినీ కట్టడం సమకూర్చాలి అన్నాడు. స్వీడన్‌లో ఉప్సాలా విశ్వవిద్యాలయ ఆస్పత్రిలో గుండె ఆపరేషన్ అయిన 160 మంది ఎదుట రకరకాల చిత్రాలు పెట్టి చూశాడు. నీరూ చెట్లూ వున్న దృశ్యం చూసినవాళ్లకు ఆందోళన తగ్గింది. 2004లో క్రెయిగ్ జిమ్రింగ్ అనే మరొక వాస్తుశిల్పాచార్యుడితో కలిసి, అప్పటిదాకా వచ్చిన 600కు పైగా పరిశోధనలను ఒకచోట చేర్చి నివేదిక తయారుచేశాడు. అందులో చెట్ల మాట తక్కువ. చేతులు కడుక్కునే తొట్టి నర్సుకు అందే దూరంలో వుందా, రాత్రి చప్పుడు ఎంత, నర్సు రోజుకు ఎంత దూరం నడుస్తోంది, ఒకరి నుంచి ఒకరికి అంటు ఎలా పాకుతోంది - ఇలాంటివే ఎక్కువ. ఆస్పత్రిని రోగి కళ్లతోనేగాక అక్కడ పనిచేసేవాళ్ల కాళ్లతో కూడా కొలిచారన్నమాట. 2018లో స్వీడన్ మానసిక చికిత్సాలయాల మీద ఆయన తన సహచరులతో కలిసి ప్రకటించిన వ్యాసం నా దృష్టిలో చాలా గొప్పది. గోథెన్‌బర్గ్ నగరంలో 2006లో తెరిచిన ఓస్ట్రా ఆస్పత్రి మానసిక విభాగంలో ప్రతి రోగికీ సొంత గది, విశాలమైన కూర్చునే చోటు, స్వేచ్ఛగా తిరగగల తోట వున్నాయి. పాత కట్టడంతో పోలిస్తే అక్కడ రోగుల్ని కట్టిపడేయవలసిన సందర్భాలు సగానికి తగ్గాయి. పిచ్చివాడు తిరగబడతాడని అనుకునే సమాజానికి, ఇరుకు గదే తిరగబడేట్టు చేస్తుందని చూపిన లెక్క ఇది.

ఇక రెండో ప్రశ్నకు వస్తాను. ఈ కొలత ఎవరి చేతికి చేరింది?

రోగి బాధ ఒక విలువ. అది తనంతట తానుగా పాలకుల్ని కదిలించదు. అందుకే ఉల్‌రిచ్, ఆయన సహచరులు మరొక భాషలో కూడా మాట్లాడారు. మంచం ఒకరోజు ముందు ఖాళీ అయితే ఇంత ఆదా, మందు తగ్గితే ఇంత ఆదా, అంటు తగ్గితే ఇంత ఆదా అన్నారు. ఆ భాష పనిచేసింది. 2006లో అమెరికా ఆస్పత్రుల నిర్మాణ నిబంధనలు, కొత్తగా కట్టే ఆస్పత్రుల్లో ఒక్కో రోగికి ఒక్కో గది వుండాలని నిర్దేశించాయి. అంతవరకు మంచిదే. కాని ఆదా భాషలో గెలిచిన వాదాన్ని లాభం భాషలోకి మార్చుకోవడానికి ఎంతోసేపు పట్టదు. ప్రైవేటు ఆస్పత్రులకు చెట్టూ నీళ్లూ వెలుతురూ అమ్మకపు సరుకులయ్యాయి. హోటలును తలపించే ముందు హాలు, అందులో కృత్రిమ జలపాతం, దాని పక్కన తాటిచెట్టు వెలిశాయి. మన నగరాల్లో కూడా వాటిని చూస్తున్నాం. లోపలికి వెళితే జనరల్ వార్డు ఒక ధర, ఇద్దరుండే గది ఒక ధర, డీలక్స్ గది ఒక ధర. పెద్ద కిటికీ ఏ ధర దగ్గర మొదలవుతుందో చెప్పనక్కరలేదు. పెన్సిల్వేనియాలో చెట్టు వైపు గదికీ గోడ వైపు గదికీ తేడా యాదృచ్ఛికం. ఇక్కడ ఆ తేడాను రసీదులో రాసి వసూలు చేస్తారు.

అలాగని ప్రభుత్వ ఆస్పత్రుల పాత కట్టడాలన్నీ మోసుకెళ్లి పారేయవలసినవేమీ కావు. 2007లో పెరూ దేశ రాజధాని లీమాలో ఎస్కోంబ్ అనే పరిశోధకుడి బృందం ఎనిమిది ఆస్పత్రుల్లో 70 గదులు పరిశీలించి, కిటికీలూ తలుపులూ తెరిస్తే గాలి ఎంత ఆడుతుందో కొలిచింది. 1950కి ముందు కట్టిన ఎత్తయిన కప్పుల, పెద్ద కిటికీల వార్డులు అన్నింటికన్నా మెరుగ్గా వున్నాయి. క్షయ సోకే ప్రమాదం యంత్రాలతో గాలి నింపే గదుల్లో 39 శాతమైతే, ఆ పాత వార్డుల్లో 11 శాతమని లెక్కగట్టారు. పేద దేశాల పాత వార్డు తాతల కాలపు చాదస్తం కాదని ఇంతకన్నా ఏం రుజువు కావాలి? 1908 మూసీ వరదల తర్వాతి కాలంలో విన్సెంట్ ఈష్ రూపకల్పనతో హైదరాబాదులో లేచిన ఉస్మానియా ఆస్పత్రి కూడా అలాంటి ఎత్తయిన కప్పుల తరానికి చెందినదే. 2020లో కొవిడ్ వచ్చి గాలి విలువ ప్రపంచానికి మళ్లీ చెప్పింది. మద్రాసు పరిశోధన శానటోరియాన్ని అనవసరం చేసింది కాని, కిటికీని అనవసరం చేయలేదు. మందు రోగికి నయం చేస్తుంది. ఆడే గాలి పక్క మంచంవాణ్ణీ, నర్సునూ, ఊడ్చే మనిషినీ కాపాడుతుంది.

మన వార్డుల్లో జరుగుతున్నదేమిటి? నేను ఒక దగ్గరి బంధువుకు తోడుగా ఒక ప్రభుత్వ ఆస్పత్రిలో కొన్ని రోజులు వున్నాను. వార్డుకు కిటికీలున్నాయి. సగం కిటికీలకు అడ్డంగా ఇనప బీరువాలు పెట్టారు. మిగిలినవాటికి కింది అద్దాలకు తెల్లరంగు పూశారు. ఎత్తయిన పైకప్పు కిందికి మరొక చెక్కల కప్పు దించారు. మంచానికొక తోడు మనిషి వున్నారు. కూర్చోవడానికి బల్ల లేదు. ఆ మనిషే రోగిని లేవదీస్తుంది, స్ట్రెచర్ తోస్తుంది, మందులు తెస్తుంది, రాత్రి మంచం కింద పేపరు పరుచుకుని పడుకుంటుంది. అయినవాళ్ల అండ కావాలని ఉల్‌రిచ్ సిద్ధాంతం చెబుతోంది. మన దగ్గర ఆ అండ పుష్కలంగా వుంది. దానికి చాప పరుచుకునే చోటే లేదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. డాక్టర్లు చాలరు, మందులు చాలవు, మంచాలు చాలవు. ఈ స్థితిలో కిటికీ గురించీ చెట్టు గురించీ మాట్లాడడం విలాసం కాదా? న్యాయమైన ప్రశ్నే. మందు, మంచం, మనిషి - ఈ మూడూ ముందు రావలసిందే. కాని కిటికీ ఎటువైపు పెట్టాలన్న నిర్ణయం ప్లాను గీసే రోజున జరుగుతుంది. ఆ రోజున అడిగితే దానికి పెద్దగా ఖర్చు లేదు. కట్టిన తర్వాత అడిగితే గోడ పగలగొట్టాలి. మన దగ్గర ప్లాను గీసే రోజున కూడా ఒక శాస్త్రాన్ని సంప్రదిస్తారు. అది ఈశాన్యం ఎటో, నైరుతి ఎటో చెప్పే వాస్తు. దిక్కుల కోసం ద్వారం మార్చడానికి డబ్బు దొరుకుతుంది. రోగి కంటి కోసం కిటికీ మార్చడానికి దొరకదంటే ఎలా నమ్మడం?

మరొక ఆక్షేపణ కూడా వుంది. మనిషికొక గది పాశ్చాత్యుల పద్ధతి, మనకు నలుగురి మధ్య వుండడమే ధైర్యం అంటారు. ఇందులో కొంత నిజం వుంది. ఒంటరి గదిలో ఎవరూ లేని రోగికి ఏం జరిగినా తెలియదు. నర్సులు తక్కువైన చోట అది ప్రమాదం కూడా. కాని ఈ మాటను అడ్డుపెట్టుకుని ముప్పై మంచాల వార్డులో అరవైమందిని కుక్కడాన్ని సమర్థించకూడదు. తెనోన్ చూసిన పారిస్ కూడా నలుగురి మధ్య వుండే పద్ధతే! నలుగురైదుగురికి ఒక చిన్న వార్డు, ప్రతి మంచం నుంచీ కనపడే కిటికీ, తోడు మనిషికి బల్ల, మరుగుకు తెర - వీటిని సాధించడానికి అమెరికా నిబంధనలు అక్కరలేదు. ఫిన్స్‌బరీ కౌన్సిలుకు వున్న పట్టుదల వుంటే చాలు.

ఉల్‌రిచ్ కృషిని నేను గౌరవించేది ఇందుకే. చెట్టు అందంగా వుంటుందని ఎందరో కవులు చెప్పారు. చెట్టు కనపడని రోగికి బలమైన నొప్పిమందు రెట్టింపుకన్నా ఎక్కువ కావలసి వస్తుందని చెప్పినవాడు ఆయన. ఆ లెక్కతో పాలకుణ్ణి నిలదీయవచ్చు. అయితే లెక్క తనంతట తాను ఎవరి పక్షమూ వహించదు. పారిస్ శాస్త్రజ్ఞుల సిఫార్సు అరవై ఏళ్లకు పైగా కాగితాల మీదనే వుంది. పైమియోలో స్థానిక సంఘాలు డబ్బు వేసుకున్నాయి కనుక ఆల్టో పైకప్పు రంగు గురించి ఆలోచించగలిగాడు. ఫిన్స్‌బరీలో కార్మికుల ఓటు వుంది కనుక లుబెట్కిన్ గాజు గోడ నిలబడింది. అడిగేవాళ్లున్న చోట కొలత హక్కుగా మారింది. అడిగేవాళ్లు లేని చోట డీలక్స్ గది ధరగా మారింది.

మన జిల్లాల్లో ఇప్పుడు కొత్త ఆస్పత్రులూ వైద్య కళాశాలలూ కడుతున్నారు. ఎన్ని మంచాలు, ఎన్ని కోట్లు అని పత్రికల్లో వస్తుంది. ఆ అంకెలతో తృప్తి పడకుండా, టెండరు పిలవకముందే ప్లానును ఆ వూరి జనం ముందు పెట్టమని అడగాలి. అక్కడ పనిచేయబోయే నర్సుల్నీ, పారిశుధ్య కార్మికుల్నీ పిలిచి చూపించమనాలి. జనరల్ వార్డులో ఏ మంచం మీద పడుకున్నవాడికి ఏం కనపడుతుందో, గాలి ఎటునుంచి వచ్చి ఎటు పోతుందో, తోడు వచ్చిన మనిషి రాత్రి ఎక్కడ పడుకుంటుందో ఆ కాగితం మీద గుర్తు పెట్టించాలి. గుర్తు పెట్టడానికి చోటు లేదని ఇంజనీరు అంటే, ఆ కాగితాన్ని మళ్లీ గీయించాలి.